మా సార్ పేరు మీద పోగైన 3,80,000 రూపాయలు ఎక్కడ పెడితే మన చర్మానికి పనికొస్తుంది?

తిరుపతి_స్కిన్ అడిగినది:

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో చర్మవ్యాధుల ప్రాక్టీసు మొదలుపెట్టి రెండేళ్లయింది. మాకు పాఠాలు చెప్పిన సార్ పోయిన ఏడాది కాలం చేశారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లం వాట్సాప్ గ్రూపులో తలా కొంత వేసుకుంటే 3,80,000 రూపాయలు పోగయ్యాయి. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు, బతికున్నప్పుడు కూడా శిలాఫలకాల మీద పేరు వేయించుకోవడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. ఈ డబ్బుతో ఏం చేయాలన్న దగ్గర నాలుగు నెలలుగా ఆగిపోయాం.

సార్ గురించి ఒక్క విషయం చెప్తే నా బాధ మీకు అర్థమవుతుంది. నేను పీజీ మొదటి సంవత్సరంలో ఉండగా ఏర్పేడు వైపు నుంచి ఒక కూలీ కాలు వాచి వచ్చాడు. పుస్తకంలో ఎర్రగా ఉంటుందని చదివాను, ఆయన కాలు ఎర్రగా లేదు, మామూలు నలుపు కంటే కాస్త ఊదాగా ఉందంతే, కాబట్టి ఇన్ఫెక్షన్ కాదేమో అనుకుని పక్కన కూర్చోబెట్టాను. సార్ వచ్చి అరచెయ్యి ఆ కాలి మీద, తర్వాత రెండో కాలి మీద పెట్టి, నా చెయ్యి పట్టుకుని అక్కడే పెట్టించి, "వేడి చూడమ్మా, రంగు కాదు" అన్నారు. మేం చదివిన పుస్తకాల్లో ఫోటోలు దాదాపు అన్నీ తెల్లవాళ్ల చర్మం మీదివే. మన ఓపీకి వచ్చేవాళ్లేమో చామనచాయవాళ్లు, నల్లనివాళ్లు.

అందుకే 2025లో సుసాన్ టేలర్ అమెరికా చర్మవైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీకి అధ్యక్షురాలయ్యారన్న వార్త గ్రూపులోకి వచ్చినప్పుడు అందరం సంతోషపడ్డాం. ఆ పదవిలోకి వచ్చిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ ఆవిడే. 2004లో స్కిన్ ఆఫ్ కలర్ సొసైటీని స్థాపించింది కూడా ఆవిడే. ఆ ఊపులో అమెరికాలో ఉన్న మా బ్యాచ్‌మేట్ ఒకరు ఈ డబ్బు ఆ సొసైటీకే పంపుదాం, నల్లని చర్మం మీద పరిశోధన చేసే కుర్ర డాక్టర్లకు గ్రాంట్లు ఇస్తారు కదా అన్నారు. ఇంకొందరు శ్రీకాళహస్తిలో సార్ పేరు మీద పెద్ద ఉచిత క్యాంపు పెడదాం అంటున్నారు. ఒక కంపెనీవాళ్లు ట్యూబులు, బ్యానరు, భోజనాలు తామే చూసుకుంటామని కూడా చెప్పారట. మిగతావాళ్లు పీజీలకు గోల్డ్ మెడల్ అంటున్నారు.

నేను మూడు క్యాంపుల్లో కూర్చున్నాను. ఉదయం నుంచి రెండింటి దాకా నాలుగు వందల మందిని చూసి, చేతికో ట్యూబు ఇచ్చి పంపేశాం. వాళ్లలో ఎవరికి తగ్గింది, ఎవరికి తగ్గలేదు అని ఈరోజు అడిగితే నా దగ్గర జవాబు లేదు. డాక్టర్లే కాదు, పేషెంట్లు, మెడికల్ షాపువాళ్లు, లెక్కలు తెలిసినవాళ్లు ఎవరైనా సరే చెప్పండి, మీరైతే ఏం చేస్తారు?

చిత్తూరు_పాత_డాక్టర్ రాసినది:

అమ్మా, మీ సార్ నాకు తెలుసనుకుంటున్నాను, తెలియకపోయినా ఆ అరచెయ్యి కథ చాలు.

క్యాంపు సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే అందులో నా తప్పు కూడా ఉంది. చాలా ఏళ్ల కింద ఒక క్యాంపుకి పిలిస్తే వెళ్లాను. అక్కడ పంచడానికి పెట్టిన ట్యూబులు ఏమిటో నేను సరిగ్గా చూడలేదు, రద్దీ అలా ఉంది. ఏడాది లోపే ఒకావిడ నా ఓపీకి వచ్చింది. బుగ్గల మీద చర్మం ఉల్లిపొరలా పలచబడి, సన్నటి రక్తనాళాలు బయటికి కనిపిస్తూ, గడ్డం కింద వెంట్రుకలు వచ్చి, ఎండలోకి వెళ్తే మంట. ఏం రాస్తున్నావమ్మా అంటే సంచిలోంచి ఖాళీ ట్యూబు తీసి చూపించి "మీ క్యాంపులోనే ఇచ్చినారు సార్, మంగు తగ్గింది, ఆపితే మళ్లీ వచ్చింది, అందుకే ఇదే కొనుక్కుంటా ఉన్నా" అంది. అందులో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్‌తో పాటు మోమెటాసోన్ అనే స్టెరాయిడ్ ఉంది. కొన్ని వారాలు డాక్టరు కనిపెట్టుకుని వాడాల్సిన మందు, ఆవిడ నెలల తరబడి స్నో రాసుకున్నట్టు రాసుకుంది. ట్యూబు ఇచ్చినవాళ్లం మేము, ఆపమని చెప్పడానికి మాత్రం ఎవరం లేము.

ఇది ఆవిడ ఒక్కదాని కథ కాదు. మన దేశంలో ఈ ముఖాలు ఎన్ని వచ్చాయంటే చర్మవైద్యుల సంఘం ఐఏడీవీఎల్ దీనికోసమే ఒక టాస్క్‌ఫోర్స్ పెట్టి పోరాడింది. 2018లో ప్రభుత్వం ఈ స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మకాలు ఎలా ఉన్నాయో మీకూ నాకూ తెలుసు. తామర సంగతి ఇంకా ఘోరం. క్లోబెటాసోల్ అనే గట్టి స్టెరాయిడ్ కలిపిన ట్యూబు రాస్తే రెండు రోజుల్లో దురద ఆగుతుంది, ఫంగస్ మాత్రం కింద పాకుతూనే ఉంటుంది. ఇప్పుడు టెర్బినాఫిన్ అనే ఫంగస్ మందుకి కూడా లొంగని రకం వచ్చి కూర్చుంది, దానికి 2020లో పెట్టిన పేరులోనే మన దేశం ఉంది, ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని.

కాబట్టి కంపెనీ ట్యూబులు వద్దు. మందుల కంపెనీలకి 2024లో కేంద్రం తెచ్చిన మార్కెటింగ్ కోడ్ ప్రకారం ఒక్కో మందుకు ఒక డాక్టరుకి ఏడాదికి 12 శాంపిల్ ప్యాకులు మించి ఇవ్వకూడదు. నాలుగు వందల మందికి పంచే ట్యూబులు ఆ లెక్కలో ఎక్కడ పడతాయి? ఇక బ్యానరు మీద మీ సార్ పేరు పక్కన కంపెనీ పేరు ఉంటే ఆయన ఒప్పుకునేవారా?

అమెరికా సొసైటీ మీద నాకు గౌరవం ఉంది. పీజీలకు దాని మెంటార్‌షిప్ గురించి చెప్పండి, అప్లై చేయించండి. కానీ అక్కడ నల్లని చర్మం అంటే కొందరి విషయం, అందుకే విడిగా ఒక సంఘం పెట్టి గొంతు వినిపించుకోవాల్సి వచ్చింది. ఇక్కడ అది అందరి విషయం. 1975లో ఫిట్జ్‌పాట్రిక్ చర్మాన్ని ఎండకి ఎలా కాలుతుంది, ఎలా నల్లబడుతుంది అన్న దాన్ని బట్టి రకాలుగా విడగొట్టినప్పుడు మొదట నాలుగే పెట్టాడు, అవీ తెల్లవాళ్లను దృష్టిలో పెట్టుకునే, ఐదో, ఆరో రకాలు తర్వాత చేర్చారు. మన ఓపీలో ఎక్కువమంది నాలుగో, ఐదో రకంవాళ్లే. మన చర్మం మీద రోజూ వందల కేసులు చూస్తూ కూడా మనం ఇంకా వేరేవాళ్ల ఫోటోలతో పాఠం చెప్తున్నాం, అది నాకు ఈ వయసులో నిజంగా సిగ్గుగా అనిపిస్తుంది. ఒక కెమెరా, స్టాండు, మంచి లైటు, ఒక ఉద్యోగి జీతం కొన్ని నెలలకి, తెలుగులో అంగీకార పత్రం. ఇంతే కావాలి. మీ సార్ చెయ్యి పెట్టి చూపించింది ఇప్పుడు రాబోయే పిల్లలకి ఫోటోలో చూపించవచ్చు. గోల్డ్ మెడల్ ఒక్కరి ఇంట్లో గోడకి వేలాడుతుంది.

నగరి_అమ్మ రాసినది:

మేడమ్, నేను డాక్టర్ని కాదు, పవర్‌లూమ్ పనికి వెళ్తాను. మా వాడికి 11 ఏళ్లు, రెండేళ్ల నుంచి బొల్లి. తిరుపతిలో లైటు ట్రీట్‌మెంట్ వారానికి రెండుసార్లు అన్నారు. మిషను డబ్బులు ఎక్కువ కాలేదు, కానీ వారానికి రెండు రోజులు పని పోతుంది, ఆ రెండు రోజుల కూలీ ఎవరిస్తారు? 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఫ్రీ కాబట్టి నాకు టికెట్ లేదు, వాడికి మాత్రం తీసుకోవాల్సిందే, బడి కూడా పోతుంది.

మూడు నెలలు తిప్పి ఆపేశాను. ఒక్క మచ్చ కూడా మానలేదని ఏడ్చి ఆపేశాను. తర్వాత వేరే డాక్టరమ్మ చెప్పింది, ఆరు నెలలైనా చేయనిదే పని చేస్తుందా లేదా చెప్పలేము, ముఖం మీదవి ముందు తగ్గుతాయి, వేళ్ల చివర్లవి చాలా కష్టం అని. ఆ మాట మొదటి రోజే చెప్పి ఉంటే, లేదంటే రాకపోయినప్పుడు ఎవరైనా ఫోన్ చేసి ఏమ్మా ఎందుకు రాలేదు అని అడిగి ఉంటే నేను ఆపేదాన్ని కాదు. ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టాము. కంటి దగ్గర మచ్చలో చుక్కలు చుక్కలుగా రంగు వస్తోంది. ఆ చుక్కలు నేను రోజూ లెక్కపెట్టుకుంటాను.

ఇంకొకటి చెప్పాలి. బడిలో వాడి పళ్లెం విడిగా పెట్టించారు, కుష్టు అనుకుని. నేను వెళ్లి ఇది అంటుకోదు అని చెప్తే డాక్టర్ చీటీ తెమ్మన్నారు. ఆ చీటీ కోసం ఇంకో రోజు పని పోయింది. మీ డబ్బులో కొంచెం ఇలాంటివాటికి పెట్టండి మేడమ్. ఫోన్ చేసే మనిషికి, బస్సు టికెట్టుకి, బడికి ఇచ్చే చీటీకి.

రిటైర్డ్_హెల్త్_వర్కర్ రాసినది:

నగరి అమ్మ రాసింది చదివి ఊరుకోలేక రాస్తున్నాను. నేను కుష్టు విభాగంలో పని చేసి రిటైర్ అయ్యాను. ఆ తల్లికి ముందు ఒక మాట, అమ్మా, బొల్లి మచ్చ పాలలా తెల్లగా ఉంటుంది, గిల్లితే తెలుస్తుంది. కుష్టు మచ్చ చుట్టూ చర్మం కంటే కాస్త పాలిపోయో, రాగి రంగులోనో ఉంటుంది, అక్కడ చాలాసార్లు స్పర్శ తెలియదు. ఈ రెండు వాక్యాలు ఆ బడి టీచర్లకి కాగితం మీద రాసివ్వండి. ఒకవేళ కుష్టే అయినా మందులు వాడుతున్న పిల్లాడి పళ్లెం విడిగా పెట్టాల్సిన పని లేదు, అదీ రాయండి.

2005 డిసెంబరు నాటికి మన దేశం కుష్టు నిర్మూలన లక్ష్యం చేరిందని ప్రకటించారు. అంటే పది వేల మందికి ఒక కేసు కంటే తగ్గిందని, అసలు లేకుండా పోయిందని కాదు. జనం మాత్రం అలాగే అర్థం చేసుకున్నారు, కొంతమంది డాక్టర్లు కూడా. మందులు ఇప్పటికీ ఉచితమే. కానీ మన చర్మం రంగుకీ ఈ మందుకీ ఒక ముడి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఆ మందుల్లో క్లోఫాజిమిన్ అని ఒకటి ఉంటుంది, అది వాడితే కొన్ని నెలల్లో ముఖం ఎర్రగా, నల్లగా మారిపోతుంది. మందు ఆపాక ఆ రంగు మెల్లగా పోవడానికి నెలలు పడుతుంది. ఊళ్లో అందరూ "ఏమే ఇట్ట నల్లబడినావు" అని అడుగుతారు, అడిగినప్పుడల్లా రోగం బయటపడిపోతుందని భయం. పలమనేరు దగ్గర ఒక కొత్త కోడలు ఆ మాటలు పడలేక నాలుగో నెలలో మాత్రలు పారేసింది. నేను రెండు వారాలు వాళ్ల ఇంటికి తిరిగాను. ముఖం రంగు మళ్లీ వస్తుంది, వంకరపోయిన వేళ్లు రావు అని చెప్పి, అత్తగారిని కూడా కూర్చోబెట్టి చెప్పి, కోర్సు పూర్తి చేయించాను. ఆ తిరుగుడుకి ఏ క్యాంపులోనూ ఖర్చు రాయరు.

చిత్తూరు వాళ్లకి వేలూరు పక్కనే. కరిగిరిలో ఉన్న కుష్టు ఆసుపత్రి, వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో డాక్టర్ పాల్ బ్రాండ్ వంకరపోయిన చేతులకి చేసిన ఆపరేషన్లు ఈ రోగం చరిత్రనే మార్చాయి, అంత గొప్ప పని మనకి గంట దూరంలో జరిగింది. తిరుపతిలో కుష్టు రోగుల కోసం టీటీడీ వాళ్ల పూర్ హోమ్ ఉంది. మీరు కొత్తగా కట్టాల్సింది ఏమీ లేదు మేడమ్. స్పర్శ లేని పాదాలకి మెత్తటి రబ్బరు (ఎంసీఆర్) చెప్పులు ప్రభుత్వం ఇస్తుంది, అవి అరిగిపోయాక మళ్లీ వచ్చేదాకా మధ్యలో ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలోనే పుండు పడుతుంది. అక్కడ ఒక జత చెప్పులు కొనిపెట్టండి. ఒక బకెట్, కాళ్లు నానబెట్టుకోవడానికి, గరుకు రాయి, కొబ్బరి నూనె. ఇంతే సామాను.

పలమనేరు_మెడికల్స్ రాసినది:

మా షాపుల వాళ్ల మీద కోపం న్యాయమే. రోజూ ఖాళీ ట్యూబు పట్టుకుని వస్తారు, "ఇదే ఇవ్వు" అంటారు. చీటీ అడిగితే పక్క షాపుకి పోతారు, అక్కడ ఇస్తారు. నేను మానేసి మూడేళ్లయింది, కొంత బేరం పోయింది, పోనీ అనుకున్నా. పెళ్లిచూపులకి నెల ముందు అమ్మాయిలని తీసుకొచ్చి తెల్లబడే ట్యూబు ఇవ్వమంటారు, ఆ తల్లులతో ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ మాట రాదు.

మీరు ఫోటోలు తీస్తే స్టెరాయిడ్‌తో పాడైన ముఖాలవి, తామర పాకినవి ఒక పెద్ద పోస్టరు చేసి మాకివ్వండి. మన రంగు చర్మం మీద ఉండాలి, ఇంటర్నెట్‌లో దొరికే తెల్ల ముఖాలు పెడితే "మాకు అట్ట కాదులే" అంటారు. నా షాపులో గాజు కౌంటర్ మీదే పెడతాను. ఇంకో పది షాపుల్లో నేనే పెట్టిస్తాను.

ఎస్వీ_ఎలుమ్నీ_అమెరికా రాసినది:

సొసైటీకి పంపుదాం అన్నది నేనే. ఇక్కడికి వచ్చిన కొత్తలో నల్లని చర్మం మీద సోరియాసిస్ ఎలా ఉంటుందో గుర్తుపట్టగలిగినందుకు నన్ను మెచ్చుకున్నారు, ఆ రోజు సార్ గుర్తొచ్చారు, అందుకే ఆ ఆలోచన. మంగుకి ఎండే కాదు, కంటికి కనిపించే వెలుగు కూడా కారణమని, ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్ మేలు చేస్తుందని తెలిసింది ఎవరో డబ్బు పెట్టి పరిశోధన చేయించబట్టే కదా. ఆ డబ్బు పెట్టేవాళ్లు కూడా ఉండాలి అని నేను ఇప్పటికీ అంటాను.

కానీ నగరి అమ్మ రాసింది చదివాక సార్ పేరు మీద డబ్బు అక్కడే ఖర్చు కావాలని ఒప్పుకుంటున్నాను. సొసైటీకి నా సొంత డబ్బు నేను ఇచ్చుకుంటాను. తిరుపతికి నేనూ ఇంకో ఇద్దరమూ కొంత పంపాలనుకుంటున్నాం, ఎవరి అకౌంటుకి పంపాలో చెప్పండి.

ఆడిటర్_తిరుపతి రాసినది:

ఆగండి, పంపకండి. మీకు అమెరికా పౌరసత్వం వచ్చి ఉంటే, భారత మూలాలవాళ్లకి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, మీ డబ్బు చట్టం దృష్టిలో విదేశీ విరాళమే. తీసుకునే సంస్థకి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉండాలి, డబ్బు ఢిల్లీలో ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని అకౌంటుకే రావాలి. ఇండియా పాస్‌పోర్టే ఉంటే మీ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది ఆ లెక్కలోకి రాదు. ముగ్గురిలో ఎవరు ఏ పౌరులో ముందు చూసుకోండి.

ఇక తిరుపతి మేడమ్‌కి, ఆ 3,80,000 ఇప్పుడు ఎవరి పేరు మీద ఉంది? వాట్సాప్ గ్రూపు డబ్బు ఒకరి సేవింగ్స్ అకౌంటులో ఉంటే రేపు ఆ మనిషికి నోటీసు వస్తే జవాబు చెప్పుకోవడం కష్టం. కొత్త ట్రస్టు పెట్టకండి, ఇంత మొత్తానికి ఏటేటా ఆడిట్, రిటర్నులు భారమవుతాయి. సంస్థకీ, దాతలకీ పన్ను మినహాయింపు వచ్చే రిజిస్ట్రేషన్లు రెండూ ఉన్న సంస్థ ఏదైనా చూసుకుని, ఈ డబ్బు ఈ పనికే అని ఉత్తరం రాసి ఇవ్వండి. పన్ను మినహాయింపుకి పనికొచ్చే విరాళం సర్టిఫికెట్ అడగండి, రసీదు ఒక్కటే చాలదు. 2,000 దాటిన నగదుకి మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకి అసలే రాదు. అది ముందే చెప్పేయండి, తర్వాత మాటలు రాకుండా.

తిరుపతి_స్కిన్ మళ్లీ రాసినది:

అందరికీ చేతులెత్తి నమస్కారం. నిన్న రాత్రి గ్రూపులో ఈ జవాబులన్నీ చదివి వినిపించాను. క్యాంపు మానేశాం. కంపెనీవాళ్లకి వద్దని చెప్పేశాను.

డబ్బు నా అకౌంటులోనే ఉంది ఆడిటర్ గారూ, మీ మాట చదివి నిజంగా టెన్షన్ పడ్డాను, ఈ వారమే ఒక రిజిస్టర్డ్ సంస్థతో మాట్లాడుతున్నాం. ముందు పని ఒక మనిషిని పెట్టుకోవడం. లైటు ట్రీట్‌మెంటుకి, కుష్టు మందులకి రాకుండా ఆగిపోయినవాళ్లకి ఆ అమ్మాయి ఫోన్ చేస్తుంది, అడిగి రాసుకుంటుంది, కూలీ పోయేవాళ్లకి, పిల్లల టికెట్లకి అందులోంచే ఇస్తుంది. ఫోటోల పని కూడా ఆమే చూస్తుంది, సంవత్సరం దాకా ఎలా సాగుతుందో చూస్తాం. చిత్తూరు సార్, కళ్ల మీద నల్ల గీత పెడితే చాలదు, మచ్చ ఆకారం బట్టి, పచ్చబొట్టు బట్టి మనిషిని గుర్తుపడతారు, కాబట్టి ముఖం ఫోటోలకి విడిగా సంతకం తీసుకుందాం అనుకుంటున్నాం. అంగీకార పత్రం తెలుగులో రాశాను, కానీ చదివితే కోర్టు కాగితంలా ఉంది. రిటైర్డ్ సార్, మీరు ఒకసారి చూసి ఊళ్లో మనిషికి అర్థమయ్యేలా దిద్దిపెట్టగలరా?

నగరి అక్కా, బడికి ఇచ్చే కాగితం నేను రాసి సంతకం, స్టాంపు వేసి ఉంచాను. దానికోసం మీరు విడిగా రాకండి, ఈసారి బాబుని లైటుకి తెచ్చినప్పుడు కౌంటర్లో అడగండి. ఆ కంటి దగ్గర చుక్కలు నాకూ చూపించండి.